అడగకుండా చేసిన దయ

కొన్నేళ్ల క్రితం మా బంధువుల కుటుంబం ఒకటి ఇల్లు మారింది. సామానంతా వ్యానులోకి ఎక్కింది గాని పిల్లల గదిలో ఉన్న చేపల తొట్టి దగ్గర పని ఆగిపోయింది. రంగు చేపలన్నీ ఎప్పుడో చనిపోయాయి. మిగిలింది ఒక్కటే. అద్దానికి నోరు ఆనించి నాచు తింటూ ఉండే నల్లమచ్చల చేప. వేలెడంత ఉన్నప్పుడు కొని తెచ్చారట. అప్పటికి జానెడు దాటింది.

"చాచా, దీన్నేం చేద్దాం? పారేస్తే చచ్చిపోతుంది కదా!" అని పదేళ్ల పిల్లవాడు మమ్మల్ని అడిగాడు. వాడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

మేము క్షణం కూడా ఆలోచించలేదు. "ఊరి చెరువులో వదిలెయ్ బేటా! అది అల్లాహ్ సృష్టి, అల్లాహ్ ఇచ్చిన నీళ్లలో బతుకుతుంది. నీకు పుణ్యం" అన్నాము. వాడు సంతోషంగా దాన్ని బకెట్లో వేసుకుని వెళ్లి, బిస్మిల్లాహ్ అని చెరువులో వదిలి వచ్చాడు. ఒక పసివాడికి ప్రాణి పట్ల దయ నేర్పామని మేమూ సంతోషించాము.

తర్వాత చాలా కాలానికి ఒకరోజు ఫజ్ర్ నమాజు ముగించుకుని అదే చెరువు కట్ట మీదుగా నడుస్తున్నాము. పరిచయమున్న జాలరి ఒకాయన కట్ట మీద కూర్చుని కత్తితో తన వలను తానే కోస్తున్నాడు. దగ్గరకు వెళ్లి చూస్తే వలలో అలాంటి నల్లమచ్చల చేపలే ఆరేడు చిక్కుకుని ఉన్నాయి. "చూడండి సాయిబుగారూ! వీటి రెక్కలకు ముళ్లు. వల కోస్తేగాని ఊడిరావు. తినేవాడు లేడు, కొనేవాడు లేడు. ఎవరు తెచ్చి పడేశారోగాని మా నోట్లో మట్టి కొట్టారు" అన్నాడాయన.

ఎవరు తెచ్చి పడేశారో! ఆ మాట మాకు ఎక్కడ తగిలిందో అల్లాహ్‌కే తెలుసు. ఆయన వలలో పడ్డవి మేము వదిలించిన చేప సంతానమేనా, మరొకరు వదిలిన చేప సంతానమా అన్నది కూడా అల్లాహ్‌కే తెలుసు. ఆ ఉదయం మాత్రం మేము జవాబు చెప్పకుండానే ఇంటికి వచ్చేశాము.

సోదర సోదరీమణులారా! ఇది చాలా చిన్న విషయంగా కనిపించవచ్చు. ఒక పిల్లవాడు, ఒక బకెట్టు, ఒక చేప. కాని ఈ చిన్న విషయం వెనుక ఎంత పెద్ద బాధ్యత దాగి ఉందో తెలుసుకున్నాక దీన్ని మీ ముందుంచడం మా విధి అనిపించింది.

ఆ చేప ఏమిటి?

పత్రికలు దీన్ని 'దెయ్యం చేప' అని రాస్తున్నాయి. అక్వేరియం దుకాణాలలో సక్కర్ చేప అంటారు. దాని స్వస్థలం దక్షిణ అమెరికా నదులు. తొట్టి అద్దాల మీద పేరుకునే నాచును శుభ్రం చేస్తుందని మన దేశానికి తెచ్చారు. ఒంటి మీద పొలుసులకు బదులు ఎముకలాంటి గట్టి పలకలు ఉంటాయి. రెక్కలకు బిరుసైన ముళ్లుంటాయి. అందుకే మన వాలుగ వంటి వేటచేపలు కూడా దాన్ని మింగడానికి జంకుతాయి. పెరిగితే అడుగున్నర వరకు పెరుగుతుంది. మురికి నీటిలోనూ బతుకుతుంది. నీటి బయట పడినా గంటల తరబడి ప్రాణాలతో ఉంటుంది. చెరువు గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. దానివల్ల గట్లు గుల్లబారుతాయి. అడుగున ఉండే నాచును, మడ్డిని తినేస్తుంది. దాంతోపాటు ఇతర చేపల గుడ్లు కూడా దాని కడుపులోకి పోతాయి. ఎర్రమోసు వంటి మన చేపలకు ఆ అడుగు మేతే ఆధారం.

"ఒక్క చెరువులో ఒక్క చేపే కదా" అని మీరనవచ్చు. మన చెరువులు ఎలా కట్టారో గుర్తు చేసుకోండి. గొలుసుకట్టుగా ఒక చెరువు నిండి అలుగు దూకితే ఆ నీరు కింది చెరువులోకి పోతుంది. అక్కడి నుంచి వాగులోకి, వాగు నుంచి నదిలోకి చేరుతుంది. నీటితోపాటే చేప కూడా వెళుతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన జన్యు పదార్థాన్ని పరీక్షించి ఈ చేప జాడ కనిపెట్టే పద్ధతిని రూపొందించారు. 2024లో వెల్లడైన వారి అధ్యయనం ప్రకారం తూర్పు కనుమల ప్రాంతంలోని నీటి వనరులలో సుమారు 60 శాతం చోట్లకు ఇది పాకింది. ఆ నీళ్లన్నింటిలోకి అది ఎగిరి వచ్చి పడలేదు. ఇళ్ల నుంచి, దుకాణాల నుంచి, పెంపకందారుల నుంచి మనుషుల చేతుల మీదుగానే ఈ దేశపు నీళ్లలోకి వచ్చింది.

తప్పు చేపది కాదు

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఆ చేప దెయ్యం కాదు. అల్లాహ్ ఏ ప్రాణినీ వ్యర్థంగా సృష్టించలేదు. ప్రతి వస్తువునూ ఒక నిర్ణీత పరిమాణంలో సృష్టించానని ఆయన తెలియజేశాడు (అల్ ఖమర్: 49). ఆకాశాన్ని ఎత్తి నిలిపి, త్రాసును నెలకొల్పి, ఆ త్రాసులో హద్దు మీరవద్దని మానవుణ్ణి హెచ్చరించాడు (అర్రహ్మాన్: 7, 8). తన నదిలో ఉన్నంతకాలం ఆ చేప ఆ త్రాసులో ఒక భాగమే. అక్కడ దాన్ని తినే జీవులున్నాయి, దాన్ని అదుపులో ఉంచే ఏర్పాటు ఉంది. దాన్ని అక్కడి నుంచి పెకలించి, సముద్రాలు దాటించి, మన చెరువులో వేసింది మనిషి. నేలపైనా నీటిలోనూ ప్రబలిన కల్లోలం మానవులు చేజేతులా సంపాదించుకున్నదేనని అర్రూమ్ సూరా 41వ ఆయతు చెబుతోంది. తమ చేష్టల రుచి కొంత చూసి వారు మరలి రావాలన్నదే దాని ఉద్దేశమని కూడా అదే ఆయతు చెబుతోంది. ఈ ఆయతును మనం ఎన్నిసార్లు చదివాము! చెరువు గట్టు మీద కోసిన వలను చూసినప్పుడు గాని అందులోని 'నీటిలో' అన్న మాట మా మనసుకెక్కలేదు.

నేలపై తిరిగే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మీలాంటి సమాజాలేనని అల్లాహ్ చెప్పాడు (అల్ అన్ఆమ్: 38). మన కొర్రమీనును చూడండి. గుడ్లు పొదిగిన తర్వాత పిల్లల గుంపు వెంటే తిరుగుతూ కాపలా కాస్తుంది. ఒక ప్రయాణంలో కొందరు సహచరులు ఒక పిట్ట పిల్లలను తీసుకోగా, ఆ తల్లి రెక్కలు కొట్టుకుంటూ తిరగసాగింది. దైవప్రవక్త (స) అది చూసి, దాని పిల్లలను తీసుకుని దాన్ని బాధపెట్టింది ఎవరని అడిగి, వాటిని తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు. ఒక పిట్ట గూడు గురించే అంత కలత చెందిన కారుణ్యమూర్తి (స) అనుచరులం మనం. నీటి అడుగున మన కంటికి కనిపించకుండా వేల గూళ్లు పాడవుతుంటే, అందులో మన చేయి ఉందేమోనని ఒకసారైనా ఆలోచించవద్దా?

మంచి ఉద్దేశం ఒక్కటే చాలదు

"మేము మంచి ఉద్దేశంతోనే వదిలాము కదా! కర్మలు సంకల్పాలపైనే ఆధారపడి ఉన్నాయి కదా!" అని మనసు సర్దిచెప్పుకుంటుంది. మేమూ అలాగే సర్దిచెప్పుకున్నాము. కాని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన మా నోరు మూయించింది.

సహచరులు ప్రయాణంలో ఉన్నారు. ఒకాయనకు రాయి తగిలి తల పగిలింది. ఆ రాత్రి ఆయనకు గుస్ల్ విధి అయింది. గాయం ఉంది కాబట్టి తయమ్ముమ్ చేసుకునే వెసులుబాటు నాకుందా అని తోటివారిని అడిగాడు. నీళ్లు దొరుకుతున్నాయి కాబట్టి లేదని వారు చెప్పారు. ఆయన స్నానం చేశాడు, మరణించాడు. ఈ విషయం విన్న దైవప్రవక్త (స) తీవ్రంగా బాధపడ్డారు. ఆయన చావుకు వారే కారకులన్నారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని నిలదీశారు. అజ్ఞానమనే రోగానికి అడిగి తెలుసుకోవడమే మందు అని బోధించారు.

ఆలోచించండి. సలహా ఇచ్చిన ఆ సహచరుల ఉద్దేశంలో ఏం లోపముంది? ధర్మాదేశాన్ని పాటించాలన్న తపనే కదా! అయినా తెలియకుండా ఇచ్చిన సలహా ఒక ప్రాణం తీసింది. సంకల్పం మంచిదైతే కర్మకు విలువ వస్తుంది. నిజమే. కాని తెలియని విషయంలో అడగవలసిన బాధ్యత సంకల్పంతో తీరిపోదు. నీకు జ్ఞానం లేని దాని వెంట పడకు, చెవి, కన్ను, హృదయం అన్నింటి గురించీ విచారణ ఉంటుందని బనీ ఇస్రాయీల్ సూరా (36) హెచ్చరిస్తోంది. తెలియకపోతే తెలిసినవారిని అడగమని అన్నహ్ల్ సూరా (43) దారి చూపుతోంది.

చేపల విషయంలో ప్రపంచం ఈ పాఠాన్ని ఎంత మూల్యం చెల్లించి నేర్చుకుందో చూడండి. దోమలను తిని మలేరియాను అరికడుతుందని 1928లో ఇటలీ నుంచి మన దేశానికి గంబూసియా చేపను తెచ్చారు. ఉద్దేశం గొప్పదే. కాని ఆ చిన్న చేప దోమ పిల్లలతో ఆగలేదు. మన చేపల గుడ్లను, కప్ప పిల్లలను కూడా తినసాగింది. పేదలకు చౌకగా చేప దొరుకుతుందని 1952లో తిలాపియాను తెచ్చారు. అది చెరువుల్లో లెక్కకు మించి పెరిగి, మన చేపల మేతను, చోటును ఆక్రమించడం చూసి 1959లో దాని వ్యాప్తిని నిషేధించారు. ఏడేళ్లకే తెలివి వచ్చింది. కాని వదిలిన చేపను వెనక్కి పిలవడం ఎవరి తరం?

ఆఫ్రికాలో ఉగాండా, కెన్యా, టాంజానియా దేశాల మధ్య విక్టోరియా సరస్సు ఉంది. 1950వ దశకంలో అందులో నైల్ పెర్చ్ అనే పెద్ద చేపను వదిలారు. అది 200 కిలోల దాకా పెరగగలదు. ఆ సరస్సులో సుమారు 500 రకాల చిన్న చేపలుండేవి. ప్రపంచంలో మరెక్కడా లేని రకాలవి. 1980వ దశకానికి పెద్ద చేప విపరీతంగా పెరిగింది. దాదాపు 200 రకాల చిన్న చేపలు కనుమరుగయ్యాయని శాస్త్రవేత్తల అంచనా. పెద్ద చేప వల్ల ఎగుమతులు పెరిగి డబ్బు వచ్చిన మాట నిజమే. కాని ఒడ్డున ఉండే పేదలు అంతకుముందు చిన్న చేపలను ఎండలో ఆరబెట్టి దాచుకునేవారు. కొవ్వు ఎక్కువగా ఉన్న పెద్ద చేప ఎండకు ఆరదు. పొగబెట్టాలి. అందుకు కట్టెలు కావాలి. చేపతో మొదలైన నష్టం ఒడ్డున ఉన్న చెట్ల దాకా పాకింది. అల్లాహ్ నెలకొల్పిన త్రాసులో ఒక పళ్లెం కదిలిస్తే రెండోది కదలకుండా ఉంటుందా?

మన బజారులోని మాట

ఇప్పుడు మన వ్యాపారాలకు మరీ దగ్గరగా ఉన్న విషయానికి వద్దాం. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అనే చేప పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 1997లోనే నిషేధించింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా దీనిపై కఠినంగా వ్యవహరించాలని ఆదేశించింది. అయినా దొంగచాటుగా చెరువులు, గుంటలు తవ్వి దీన్ని పెంచుతున్నారు. ఎందుకంటే అది ఏది వేసినా తింటుంది, త్వరగా పెరుగుతుంది. చూడడానికి మన నాటు మార్పు చేపలాగే ఉంటుంది. అందుకే బజారులో మార్పు పేరుతో అమ్ముడవుతోంది. వాన పడి గుంట పొంగితే అది వాగుల్లో పడి, దొరికిన చేపనల్లా తింటుంది. కట్టిన గట్లు ఎప్పుడూ నిలబడవు. 1971లో హిమాచల్ ప్రదేశ్‌లో ఒక చేపల కేంద్రం నుంచి వరదలో తప్పించుకున్న సిల్వర్ కార్ప్ చేపలు గోవింద్ సాగర్ జలాశయాన్ని నింపేసి, అక్కడి బొచ్చె చేపను వెనక్కి నెట్టేశాయి.

దీనితో మనకేమిటి సంబంధం అంటారా? ఉంది. ఈ గుంటల్లో వేసే మేత చాలాచోట్ల కోళ్ల పేగులు, కుళ్లిన మాంసం, కబేళా వ్యర్థాలు. ఆ వ్యర్థాలు ఎక్కడి నుంచి వెళుతున్నాయి? చికెన్ షాపుల నుంచి, మాంసం దుకాణాల నుంచి. ఆ దుకాణాలలో మన సోదరులవి ఎన్ని లేవు! బిస్మిల్లాహ్ అని జిబహ్ చేసి, హలాల్ బోర్డు తగిలించి, సాయంత్రం డ్రమ్ముల కొద్దీ వ్యర్థాన్ని ఎవరు ఎందుకు తీసుకెళుతున్నారో అడగకుండా అప్పగిస్తున్నాము. బక్రీదు రోజున ఖుర్బానీ వ్యర్థాలు ఎక్కడికి చేరుతున్నాయో మనలో ఎందరు కనుక్కుంటున్నారు?

చేప హలాల్. అందులో సందేహం లేదు. కాని అల్లాహ్ మనల్ని తినమన్నది హలాల్‌తోపాటు పరిశుద్ధమైనది కూడా అయినదాన్ని (అల్ బఖర: 168). మలినాలనే మేతగా తినే పశువును షరీఅత్ పరిభాషలో జల్లాలా అంటారు. దాని మాంసాన్ని, పాలను దైవప్రవక్త (స) వారించారు. మలినం తిన్న కోడిని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) మూడు రోజులు కట్టి ఉంచిన తర్వాతే కోసేవారని ఉల్లేఖనం ఉంది. మలినాలతో పెంచిన చేప విషయంలో ఆలిముల అభిప్రాయాలను మీ మస్జిదు ఇమామ్‌గారిని అడిగి తెలుసుకోండి. ఇక ఒక చేప పేరు చెప్పి మరొకటి అమ్మడం గురించి అడగవలసిన పని కూడా లేదు. బజారులో ధాన్యపు కుప్ప పైన పొడిగా, లోపల తడిగా ఉండడం చూసి, మోసగించేవాడు మావాడు కాడని దైవప్రవక్త (స) ఎప్పుడో తీర్పు చెప్పేశారు.

ఎవరిని క్షమాపణ అడగాలి?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అల్లాహ్ హక్కుల విషయంలో మనం చేసిన లోపాలను ఆయన తౌబాతో మన్నిస్తాడు. కాని దాసుల హక్కుల విషయంలో ఆ దాసుడు క్షమించాలి. ప్రళయదినాన నమాజులు, రోజాలు, జకాతు మూటగట్టుకుని వచ్చి కూడా దివాలా తీసే మనిషి గురించి దైవప్రవక్త (స) వివరించారు. అతను ఒకరిని తిట్టాడు, ఒకరి సొమ్ము తిన్నాడు, ఒకరిని కొట్టాడు. అతని పుణ్యాలన్నీ వారికి పంచి ఇస్తారు. అవి చాలకపోతే వారి పాపాలు అతని నెత్తిన వేస్తారు. పొరుగువాడికి చేసిన అన్యాయమైతే తలుపు తట్టి క్షమాపణ అడగవచ్చు. మనం వదిలిన చేప అలుగు దాటి, వాగు దాటి, మూడు మండలాల అవతల ఒక పేద జాలరి వల చింపితే ఆయన్ని ఎక్కడ వెతుకుతాం? ఆయన పేరు మనకు తెలియదు, మన పేరు ఆయనకు తెలియదు. అల్లాహ్‌కు ఇద్దరి పేర్లూ తెలుసు.

ఓడ ఉపమానం మీకు తెలిసిందే. కింది అంతస్తులో ఉన్నవారు నీటి కోసం మాటిమాటికీ పైకి వెళ్లి పైవారిని ఇబ్బంది పెట్టడమెందుకని, తమ భాగంలోనే ఒక రంధ్రం చేసుకుందామనుకున్నారు. వారి మాటలో దురుద్దేశం లేదు. పైవారి సౌకర్యమే వారు ఆలోచించారు. అయినా పైవారు వారి చేయి పట్టుకుని ఆపకపోతే అందరూ మునుగుతారని, ఆపితే అందరూ బతుకుతారని దైవప్రవక్త (స) చెప్పారు. చెరువు మనది ఒక్కరిది కాదు. నీరు జనులందరి ఉమ్మడి హక్కు అని హదీసు చెబుతోంది. ఉమ్మడి ఓడలో మన భాగం అంటూ వేరే లేదు.

మనం చేయగలిగినవి

ఇంట్లో చేపల తొట్టి ఉంటే, కొనేముందే అది ఎంత పెరుగుతుందో, ఎన్నేళ్లు బతుకుతుందో అడగండి. తెచ్చిన ప్రాణి మన చేతిలో అమానతు. వద్దనుకున్నప్పుడు దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా పెంచుకునేవారికి ఇవ్వండి. చెరువులో, కాలువలో, బావిలో వదలకండి. ఎవరూ తీసుకోకపోతే మత్స్యశాఖ వారిని అడగండి. సదఖా పేరుతో కొన్న చేపలను నీళ్లలో వదిలే అలవాటు ఉన్నవారు ఆ డబ్బుతో ఒక పేదవాడికి అన్నం పెట్టండి.

వలలో పడ్డ ఇలాంటి చేపను తిరిగి నీటిలో వేయవద్దని పిల్లలకు చెప్పండి. అలాగని దాన్ని గట్టు మీద గంటల తరబడి గిలగిలలాడనివ్వడం, రాళ్లతో కొట్టి ఆడుకోవడం మన ధర్మం కాదు. ప్రాణం తీయవలసి వస్తే బాధ లేకుండా త్వరగా తీయమన్నది దైవప్రవక్త (స) శిక్షణ. మాంసం దుకాణాలవారు తమ వ్యర్థం ఎక్కడికి పోతుందో కనుక్కోండి, మునిసిపాలిటీ ఏర్పాటుకే అప్పగించండి. కొనేవారు మార్పు చేప మరీ చౌకగా దొరికితే ఎక్కడిదని అడగండి. మస్జిదు కమిటీలు ఈ విషయాన్ని ఒక జుమా ప్రసంగంలోనైనా చెప్పించండి.

ఇక మా సంగతి. ఆ ఉదయం మౌనంగా వచ్చేసిన మేము వారం రోజులు ఆ మౌనాన్ని మోశాము. చివరకు పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ఆ జాలరి ఇంటికి వెళ్లాము. జరిగింది చెప్పాము. తప్పు పిల్లవాడిది కాదు, సలహా మాది అన్నాము. ఆయన కాసేపు మా వంక చూసి, "మీరొక్కరేనా సాయిబుగారూ, ఎంతమంది వేశారో! చెప్పినవాళ్లు మాత్రం మీరే" అన్నాడు. వల బాగుచేయడానికి డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "ఇకముందు ఎవరూ వేయకుండా చూడండి, అదే చాలు" అన్నాడు.

ఆయన క్షమించాడు. అలుగు కింద ఉన్నవారిని అడగడానికి మాకు దారి లేదు. ఆయన అప్పగించిన పని చేయడం తప్ప మాకు వేరే పరిహారం కనిపించలేదు. అందుకే ఇది రాశాము. ప్రజలకు మేలు బోధించేవారి కోసం నీటిలోని చేపలు కూడా దుఆ చేస్తాయని హదీసులో ఉంది. ఆ దుఆకు అర్హులం అవుతామో లేదో తెలియదు. కనీసం వాటి ఫిర్యాదుకు గురికాకుండా ఉంటే చాలు.

ఓ అల్లాహ్! తెలియక చేసినవాటిని మన్నించు. తెలియనప్పుడు అడిగే వినయాన్ని, తెలిసినప్పుడు ఆగే బలాన్ని మాకు ప్రసాదించు. మా చేతుల వల్ల నష్టపోయినవారి హృదయాలను మా పట్ల మెత్తబరచు. మా వాగులను, చెరువులను, వాటినే నమ్ముకున్నవారిని కాపాడు. ఆమీన్.